పదకొండూ ఇరవై చీటీ

చీటీలక్కకు అసలు పేరు ఒకటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆఫీసులో ఎవరూ పిలవని ఆ పేరు ఇప్పుడు నేను రాస్తే ఆవిడే గుర్తుపట్టదు. మాది నిఘంటువు తయారుచేసే ఆఫీసు. లాండ్రీ దుకాణం మీద రెండో అంతస్తులో మూడు గదులు. కింద ఇస్త్రీ ఆవిరి మెట్ల మీదుగా పైకొచ్చి చలికాలంలో ఉపకారం, ఎండాకాలంలో అపకారం చేస్తుంటుంది. నడిమి గదిలో గోడ పొడవునా చెక్క సొరుగులు, సొరుగుల నిండా చీటీలు. ఆ చీటీలు ఆవిడవి. ప్రూఫులు దిద్దే పని నాది. ఆవిడ బల్ల, నా బల్ల ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఆవిడ జీవితంలో సగం నా కళ్ల ముందే గడిచింది.

కొత్త మాట ఏది చెవిన పడ్డా, కంట పడ్డా చీటీ రాయాలి. మాట, అది వచ్చిన వాక్యం, ఎవరన్నారు, ఎక్కడ, తేదీ, గంట, నిమిషం. పక్కన ఎవరైనా ఉంటే సాక్షిగా వాళ్ల పొడి సంతకం. ఇదంతా గంటలోపల జరిగిపోవాలి. గంట దాటితే మనం విన్న మాటను మనకు తోచినట్టు సర్దేసుకుంటామని మా పాత సంపాదకుడు నమ్మేవాడు. ఆయన పోయాడు, నియమం పోలేదు. చీటీలక్క ఆ నియమాన్ని ఎంతగా పట్టుకుందంటే, ఒకసారి ఆవిడ పన్ను పీకుతుంటే డాక్టరు ఏదో కొత్త మాట వాడాడట. నోట్లో దూదితోనే కాగితం అడిగి రాసుకుంది. సాక్షి సంతకం నర్సు చేత పెట్టించింది. ఆ చీటీ అంచున చిన్న ఎర్రటి మరక ఇప్పటికీ ఉంది.

ఆవిడకు ఒక్కతే చెల్లెలు. ఆరేళ్లు చిన్న. కళ్లద్దాల షాపులో కౌంటర్లో పనిచేసేది. అక్కయ్య మాటలు ఏరుకుంటే చెల్లెలు మాటలు పుట్టించేది. నిద్రో ఆకలో తేలనప్పుడు 'నిద్రాకలి' అనేది. కోపం వచ్చి కూడా లేచి పోట్లాడే ఓపిక లేకపోతే అది 'బద్ధకోపం'. అప్పుడప్పుడు ఆఫీసుకొచ్చి నా బల్ల మీద కూర్చుని, "బాబాయ్ గారూ, మీ నిఘంటువులో నన్నెప్పుడు వేస్తారు?" అని ఏడిపించేది. చీటీలక్క మొహం చిట్లించి, "ఒక్క మనిషి అంటే మాట కాదే, పదిమంది అనాలి" అనేది. అంటూనే చీటీ రాసేది. చెల్లెలి మాటల కోసం విడిగా ఒక అట్టపెట్టె ఉండేది. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఆ రోజు చెల్లెలికి సెలవు. మాకు పని రోజు. పొద్దున పదకొండు దాటాక చీటీలక్క ఫోను టింగుమంది. చూసి, ఫక్కున నవ్వింది.

"ఏమయ్యా ప్రూఫూ, ఇది విన్నావా? మెసెదురట!"

"ఏమిటది?"

"మెసేజ్ పెట్టి ఎదురుచూడ్డం. మెసెదురు. మా చెల్లి."

ఫోను నా వైపు తిప్పకుండానే వాక్యం చదివింది. 'పొద్దుట్నుంచి ఒకటే మెసెదురు.' నాకూ భలే నచ్చింది. జవాబు రాక ఫోను వంక మాటిమాటికీ చూసే ఆ యావకు అంతవరకూ మన దగ్గర మాట లేదు. ఆవిడ అప్పుడే చీటీ తీసింది. గోడ గడియారం చూసి పదకొండూ ఇరవై అని వేసింది. నేను పొడి సంతకం పెట్టాను. ఇలాంటి మాట ఇంతకుముందు ఏదైనా పడిందేమోనని ఇద్దరం రెండు సొరుగులు వెతికాం. నచ్చిన మాట దొరికితే మాకు పిల్లల సంబరం. ఈలోగా టీ వచ్చింది. ఆ తర్వాత ఇప్పటి సంపాదకుడు అందరినీ తన గదిలోకి పిలిచి, 'ప' అక్షరం ఎందుకు ఆలస్యమైందో గంటసేపు అడిగాడు. ఫోను బల్ల మీద, చీటీ పక్కన ఉండిపోయింది.

ఒంటిగంటా పదికి ఫోను మోగింది. చెల్లెలి పక్కింటావిడ. వంటగదిలో పడిపోయి ఉందట. ఆస్పత్రికి తీసుకెళ్లారు గానీ లాభం లేకపోయింది. గుండెపోటు. గంట ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లమని డాక్టరు అన్నాడట. డాక్టర్లు ఆ మాట ఎందుకంటారో నాకు అర్థం కాదు. వినేవాళ్లు దాన్ని చచ్చేదాకా మోయాలి.

సాయంత్రం మేం నలుగురం వాళ్లింటికి వెళ్లాం. మరిది, అంటే చెల్లెలి భర్త, ఊళ్లో తిరిగే రైలు నడుపుతాడు. డ్యూటీ ఎక్కేముందు ఫోను లాకర్లో పెట్టి తాళం వేయాలి, అది వాళ్ల రూలు. దిగి వచ్చి ఫోను తీస్తే భార్య దగ్గర్నుంచి 'ఒకసారి ఫోన్ చెయ్యండి' అని రెండు మెసేజ్‌లు. చెల్లెలి ఫోను ఆవిడతో పాటే నేల మీద పడి పగిలింది, మళ్లీ వెలగలేదు. వాళ్లకు ఒక్కతే కూతురు, అప్పటికి కాలేజీ రెండో ఏడు. ఆ పిల్ల తండ్రి మొహం చూడకుండా గోడకేసి కూర్చుని ఉంది. చీటీలక్క వెళ్లి పక్కన కూర్చోగానే అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ నీకేం చెప్పలేదా? నీకు మెసేజ్ పెట్టలేదా?"

"లేదమ్మా. నాకేం రాలేదు" అంది చీటీలక్క.

నేను గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను. విన్నాను. ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. అడిగినట్టు లేదు, బతిమాలినట్టు లేదు, ఊరికే చూసింది. నేను రెండో చెప్పు కూడా విప్పి లోపలికొచ్చి కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ గంటసేపు నాకు తెలిసింది.

ఆ తర్వాత ఏడాదిన్నర. అమ్మాయి తండ్రితో మాట మానేసింది. ఫోను చూసి ఉంటే అమ్మ బతికేదని ఒకటే పట్టు. రైలు నడిపేవాడు ఫోను ఎలా చూస్తాడే అని ఎవరన్నా అంటే వాళ్లతోనూ మానేసింది. పుస్తకాలూ దుప్పటీ సర్దుకుని పెద్దమ్మ ఇంటికి వచ్చేసింది. చీటీలక్క పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల ఇల్లు, ఒక మంచం. మంచం అమ్మాయికిచ్చి తను పరుపు నేల మీద వేసుకుంది. పొద్దున్నే ఇద్దరికీ టిఫిన్ డబ్బాలు. ఒకటి కాలేజీకి, ఒకటి మా ఆఫీసుకి. ఆ పిల్ల తప్ప ఆవిడకు ఇంకెవరున్నారని? నేను నోరు మూసుకోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణం అదే. అవతల ఆ మరిది ఒక్కడూ ఖాళీ ఇంట్లో ఏం చేస్తున్నాడో ఆలోచించకుండా ఉండటానికి కూడా అదే పనికొచ్చింది.

ఆవిడ ఏడవగా నేను చూడలేదు. వేళకు వచ్చేది, వేళకు వెళ్లేది. చీటీల్లో అక్షరం వంకర పోలేదు. ఎవరైనా జోకేస్తే అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది. ఒకరోజు టీ తాగుతూ తనే అంది.

"నాకేమీ అనిపించడం లేదయ్యా. పన్ను పీకే ముందు సూదేస్తారు చూడు, బుగ్గ గిల్లినా మనది కానట్టుంటుంది. అలా ఉంది."

"అది తగ్గుతుంది లెండి" అన్నాను.

"తగ్గితే ఏముంటుందో అదే భయం."

నిజం చెప్పాలంటే నాకూ పెద్దగా ఏమీ అనిపించడం మానేసింది. రోజూ ఎదురెదురుగా కూర్చుని ఒక అబద్ధాన్ని చెరోవైపు పట్టుకుంటే చేతులు అలాగే తిమ్మిరెక్కుతాయి. తన ఫోనును మాత్రం ఆవిడ శబ్దం తీసేసి సొరుగులో పడేసేది, సాయంత్రం దాకా ముట్టుకునేది కాదు.

మాట మాత్రం ఊరుకోలేదు. చెల్లెలు ఆ మాటను కళ్లద్దాల షాపులో కూడా అనేదట. కూతురు తన స్నేహితులతో అంది. వాళ్లు ఇంకెక్కడో అన్నారు. చెల్లెలు పోయిన మూడు నెలలకు రేడియోలో పొద్దుటి కార్యక్రమం చేసే ఒకాయన 'మెసెదురు' అని గాల్లోకి వదిలాడు. ఇక చూస్కోండి. బస్సులో మెసెదురు, బ్యాంకు వరసలో మెసెదురు. నా భార్య కూడా, "కూరగాయలు ఏం తేవాలో చెప్పమని మెసేజ్ పెట్టి గంటైంది, మెసెదురుతో నా కళ్లు కాయలు కాశాయి" అనడం మొదలెట్టింది. ఇంట్లో ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి వేరే గదిలోకి వెళ్లేవాణ్ని. నాకు తన వంట మీద కోపమేమోనని ఆవిడకు అనుమానం.

మా కొత్త కూర్పులోకి మాట రానే వచ్చింది. ఏ కొత్త మాట వేసినా దాని కింద తొలి ఆధారం అచ్చు వేస్తాం. ముందుగా ఎవరు, ఎప్పుడు అన్నారో. రేడియో ఆయన ఆ మాట తనే పుట్టించానని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. కార్యక్రమం రికార్డు కూడా పంపాడు. సంపాదకుడు ఆ కట్ట తెచ్చి చీటీలక్క బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, దీని పుట్టుక మీరు తేల్చండి. ఇంతకంటే ముందుది దొరక్కపోతే ఈయన పేరే వేసేద్దాం. నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్లాలి."

"అలాగేనండీ" అంది. కట్ట తీసి, అంచులు సరిచేసి, పక్కన పెట్టింది.

వారం తిరక్కుండా అమ్మాయి ఆఫీసుకొచ్చింది. ఎలా తెలిసిందో, రేడియోలో ఆయన ముందే చెప్పుకున్నాడేమో, ఉరుములా వచ్చింది. చేతిలో కాగితాలు. స్నేహితులు ఎక్కడెక్కడ ఆ మాట రాశారో అన్నీ అచ్చు తీయించి తెచ్చింది. సంపాదకుడు మంచివాడే, కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూశాడు.

"ఇవన్నీ రేడియో తర్వాతవమ్మా."

"సార్, అది మా అమ్మ మాట. ఇంట్లో అనేది. నేను విన్నాను."

"మీరు విన్నారు, నేను నమ్ముతాను. కానీ రాతలో ఉండాలి. తేదీతో ఉండాలి."

"మా అమ్మ పోయింది కాబట్టి వచ్చి చెప్పుకోలేదు. అంతేగా?" ఆ పిల్ల పెద్దమ్మ వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవేం? ఊళ్లోవాళ్ల మాటలన్నీ రాస్తావు కదా. అమ్మది ఒక్కటీ రాయలేదా?"

చీటీలక్క కలం మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. "చూస్తాను, ఇంటికి పద" అంది. మింగలేక, కక్కలేక అంటారే, అదీ లేదు ఆ మొహంలో. ఏదీ లేదు.

అమ్మాయి వెళ్లాక ఏడాదిన్నరలో మొదటిసారి నేను ఆ ఊసెత్తాను.

"ఆ చీటీ చింపేశారా?"

ఆవిడ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "చీటీ చింపుతారా ఎవరైనా?"

అట్టపెట్టె తీసి, అడుగు నుంచి చీటీ ఇచ్చింది. దాని వెనక పిన్ను పెట్టిన ఇంకో కాగితం. తొలి ఆధారానికి ముందూ వెనకా మాటలు కూడా ఉండాలని మా నియమం. మెసేజ్ మొత్తం ఎత్తి రాసింది. అప్పటిదాకా నేను చూసింది నడిమి వాక్యం ఒక్కటే.

'అక్కా, ఎడమ చెయ్యి లాగుతోంది. ఊరికే చెమటలు పోస్తున్నాయి. మీ మరిదికి రెండుసార్లు పెట్టా, డ్యూటీలో ఉన్నారు. పొద్దుట్నుంచి ఒకటే మెసెదురు. నువ్వైనా ఓసారి ఫోన్ చెయ్యి.'

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"మొత్తం చదివారా అప్పుడు?"

"చదివాను. చెయ్యి లాగడం ఎప్పుడూ ఉండేదేగా దానికి, ఫ్రేములు సరిచేసీ సరిచేసీ. మాట కనబడింది. గంటలోపు చీటీ పడాలి కదా. రాశాక చేద్దాంలే అనుకున్నాను. తర్వాత సొరుగులు వెతికాం కదా మనం."

ఆ 'మనం' అనడంలో నింద లేదు. ఉంటే బాగుండేది.

నేనొక నీచమైన సలహా ఇచ్చాను, దాచుకోను. "ఇంకో చీటీ రాద్దాం. అంతకు ముందు వారం తేదీ వేద్దాం, ఎప్పుడో ఇంట్లో కూర్చుని అందని. వెనక కాగితం అక్కర్లేదు. సంతకం నేను పెడతాను. మాట మీ చెల్లెలిదే అవుతుంది, అమ్మాయి మీ దగ్గరే ఉంటుంది."

ఏడాదిన్నర తర్వాత ఆవిడ మొహంలోకి రక్తం రావడం చూశాను. కోపం.

"దొంగ చీటీనా?" అంది. "ఇరవై ఎనిమిదేళ్లు నా ఎదురుగా కూర్చుని నువ్వు నేర్చుకున్నది అదా?"

కన్నపిల్లలాంటి దానితో అబద్ధమాడింది, ఏడాదిన్నర దాన్ని కాపాడుకుంది. చీటీ మీద మాత్రం ఆడలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మర్నాడు మధ్యాహ్నం తనే అమ్మాయికి ఫోను చేసి ఆఫీసుకు రమ్మంది. ఇంట్లో చెప్పొచ్చు కదా అన్నాను. "ఇంట్లో అయితే నా నోరు మళ్లీ అబద్ధమే ఆడుతుంది" అంది. నన్ను ఎక్కడికీ వెళ్లొద్దంది.

అమ్మాయి వచ్చి నిలబడే ఉంది. చీటీలక్క చీటీ చేతికిచ్చింది. పై వరసలో మాట, అన్నవారు దగ్గర తల్లి పేరు. ఆ పిల్ల మొహం విప్పారింది.

"అమ్మే! నేను చెప్పలేదూ? రేడియో కంటే మూడు నెలల ముందు!" నా వైపు తిరిగి చీటీ ఊపింది. "చూశారా బాబాయ్ గారూ?"

నేను తల దించుకున్నాను. ఆ పిల్ల మళ్లీ చీటీలోకి చూసింది. ఈసారి తేదీ చదివింది. ఆ తేదీ ఆ ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. గంట చదివింది. వెనక కాగితం తిప్పింది. చిన్న కాగితం, చాలాసేపు పట్టింది. కింద లాండ్రీ వాళ్ల యంత్రం ఆగి, మళ్లీ మొదలైంది.

"పదకొండూ ఇరవై" అంది.

"ఆఁ."

"నీకేం రాలేదన్నావు."

"వచ్చింది."

"చూశావా?"

"చూశాను."

"చూసి ఏం చేశావు పెద్దమ్మా?"

"చీటీ రాశానమ్మా."

ఆ పిల్ల అరవలేదు. అరుస్తుందని నేను బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాను. చీటీలో సాక్షి దగ్గర వేలు పెట్టి, నన్ను చూసింది.

"ఇది మీ సంతకమా?"

"నాదేనమ్మా."

"మీకూ తెలుసా?"

తెలుసన్నాను. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు లేదు. నాకు మనవలున్నారు.

అమ్మాయి చీటీని బల్ల మీద పెట్టింది, నలగకుండా. "వేయండి. అమ్మ పేరు తప్పు లేకుండా వేయండి" అంది. మెట్ల దగ్గరకు వెళ్లి ఫోను తీసింది. గుమ్మంలోంచి మాకు వినబడింది. "నాన్నా" అంది. అవతల ఏమన్నాడో మరి, "లేదు నాన్నా, ఏం కాలేదు. నువ్వు డ్యూటీ దిగావా?" అంది. ఆ తర్వాత ఏడుపు మెట్లు దిగిపోయింది.

చీటీలక్క చీటీని క్లిప్పు పెట్టి సంపాదకుడి గదిలో ఇచ్చి వచ్చింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. నేను నీళ్లిచ్చాను, తాగలేదు. కాసేపటికి ఎడమ చేత్తో తన బుగ్గ పట్టుకుని చూసుకుంది, సూది మత్తు దిగిందా లేదా అన్నట్టు.

సొరుగులోంచి ఫోను తీసి, శబ్దం పెట్టి, బల్ల మీద తన ముందు పెట్టుకుంది. ఆ రోజు అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ రాలేదు. మర్నాడు రాలేదు. ఆవిడ చీటీలు రాస్తూనే ఉంది, రెండు మాటలకోసారి ఫోను చూస్తూనే ఉంది. ఊరంతా ఆ మాట అంటోంది. మా గదిలో మాత్రం మేమిద్దరం అనలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం చీటీలక్క సగం చీటీ రాసి ఉంది. ఏదో కొత్త మాట, నేనే వినొచ్చి చెప్పింది. గంట వేయడానికి గోడ గడియారం వైపు తల ఎత్తుతుండగా ఫోను టింగుమంది. కలం కిందపడి దొర్లింది. దాన్ని పట్టుకోలేదు. నేను వంగి తీసేసరికి ఫోను నా వైపు తిప్పింది.

'నా దుప్పటి అక్కడే ఉంది. నాన్న ఆదివారం వస్తారు, ఇచ్చి పంపు.'

అంతే. పెద్దమ్మా అని లేదు. ఎలా ఉన్నావని లేదు.

"వెంటనే వద్దు, కాస్త ఆలోచించి రాయండి" అన్నాను, తెలివైనవాడిలా.

ఆవిడ వినలేదు. అప్పటికే చూపుడు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. 'సరే అమ్మా.' పంపింది. పంపాక కూడా ఫోను రెండు చేతుల్లో పట్టుకునే ఉంది. సగం రాసిన చీటీ బల్ల మీద అలాగే ఉండిపోయింది. గంట దాటిపోయింది, రెండు గంటలు దాటింది. ఆ మాట ఏమిటో ఇప్పుడు మా ఇద్దరికీ గుర్తులేదు.